మేడ దిగే దారి

పోయిన వారం మనం ముగ్గురు మనుషుల్ని వన్ టౌన్‌లోని దూలం మేడ గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఒకరు పాత ఇళ్ల పరిశీలన సంఘం అధ్యక్షుడు దేవీప్రసాద్, కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడు. రెండోవారు సంఘ సభ్యురాలు, ఆర్కిటెక్టు జ్యోతిర్మయి. మూడోవాడు మరో సభ్యుడు, అదే సందులో తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే కొండలరావు. ఆ ఇంటి కోడలు రత్నమణి పెట్టుకున్న అర్జీ చిన్నదే. తుంటి విరిగి మేడమీదే ఉండిపోయిన అత్తగారు మిరియంను కుర్చీతో సహా కిందికి మోసుకురావడానికి వీలుగా, ఇరుకైన పాత టేకు మెట్లు తీసి వెడల్పాటి మెట్లు వేసుకోనివ్వమని. ఇవ్వవచ్చునని జ్యోతిర్మయి, పాతదేదీ కదపకూడదని కొండలరావు. మిగిలింది అధ్యక్షుడి మాట. కళ్లతో చూడకుండా సంతకం పెట్టనని ఆయన బయలుదేరి వచ్చాడు. తలుపు తీసిన రత్నమణి నమస్కారమైనా చేయకుండా అన్న మాట దగ్గర కథ ఆగింది.

“ఆ దూలం గురించి మీరు రాసింది తప్పు సార్.”

దేవీప్రసాద్ నొచ్చుకోలేదు. తప్పు అనే మాట ఆయనకు కొత్తది కాదు. జీవితమంతా ఇతరులకు చెప్పిన మాటే అది. విగ్రహం కన్నీరు కారుస్తోందని జనం మూగిన చోటికి నిచ్చెన తీసుకుపోయి, పైకప్పులో చెమ్మ ఎక్కడినుంచి దిగుతోందో చూపించిన మనిషి. ఎవరేం చెప్పినా ఆధారం అడగడం ఆయనకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. ఇప్పుడూ అదే అడిగాడు.

“ఆధారం ఏమిటమ్మా?”

“పైకి రండి. ఆధారం కుర్చీలో కూర్చునుంది” అంది రత్నమణి. ఆమె గాజువాకలో బడిపంతులమ్మ. జవాబు చెప్పవలసిన చోటికి పిల్లల్ని నడిపించుకుపోయే అలవాటు గొంతులో ఉంది.

మెట్లు రెండుచోట్ల మలుపు తిరుగుతాయి. చేతుల రాపిడికి నునుపెక్కిన కమ్మీ, మేకు లేకుండా ఒకదానిలో ఒకటి దిగిన చెక్కలు, ప్రతి మెట్టు అంచునా సన్నని గాడి. అందమైన పని అది. కానీ మొదటి మలుపులోనే జ్యోతిర్మయి భుజాన వేలాడే సంచీ గోడకు రాసుకుని ఆమెను వెనక్కు లాగింది. రెండో మలుపులో కొండలరావు పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

“ఈ మెట్లు కట్టినోడు కూడు తిననోడు మాస్టారూ. లేపోతే పెళ్లాం వొండనిదో.”

పైనుంచి ఒక గొంతు ఖణీమని దిగింది. “ఎవలది? కొండలా? ఆయాసం వింటేనే తెలిసిపోతాది. నీ యెనకాల ఇంకా ఇద్దరున్నారు. ఎవలాలు?”

“కమిటీవోలు, మిరియమ్మత్తా!”

“కమిటీయా? మెట్లకి కమిటీ యేసినారేటి! నా తుంటి ఇరిగినప్పుడు ఒక్కలూ కమిటీ యెయ్యలేదే!”

మిరియం ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఊరి పెద్దలందరినీ ముఖాలతో కాక గొంతులతో గుర్తుపట్టిన మనిషి. చేతుల కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆమె ఎదుట, వీధివైపు గోడలో, ఒక తలుపు. ఆ తలుపు వసారాలోకో వరండాలోకో తెరుచుకోదు. నేరుగా గాలిలోకి తెరుచుకుంటుంది. గడప దాటితే కింద సందు. తలుపు నెత్తిన, గోడలోంచి వీధి మీదికి చాచిన చెయ్యిలా, నల్లటి దూలం. దాని కొసన తాడు తిరిగే ఇనుప కప్పీ.

ఈ దూలం వల్లనే ఇంటికి ఆ పేరు. ఈ దూలం వల్లనే ఇంటికి మొదటి తరగతి రక్షణ. పూర్వం ఓడల నుంచి దిగిన సరుకును వర్తకులు మేడమీది గోదాముకు ఎత్తుకునేందుకు అమర్చినదనీ, ఇటువంటిది ఊళ్లో మరొకటి మిగల్లేదనీ దేవీప్రసాద్ తన నివేదికలో రాశాడు. ఆ నివేదిక చూపించే సంఘం సందు మొత్తాన్నీ రక్షిత జాబితాలోకి ఎక్కించింది. ఇళ్లన్నీ కొని పెద్ద లాడ్జి లేపాలని చూస్తున్న పోలిరాజును నిలువరించగలిగింది.

“ఇది సరుకుల దూలం అని రాసినావంట గదా బాబూ” అంది మిరియం. “ఎవులు సెప్పినారు నీకు?”

“ఎవరూ చెప్పలేదండీ. చూసి, ఊహించాను.”

“ఎక్కడ నించోని సూసినావు?”

దేవీప్రసాద్ కిటికీలోంచి కిందికి చూపించాడు. “సందులో.”

“పైకి రాకండానే?”

“రాలేదు.”

“మంచోడివే” అంది మిరియం. “మా కాలంలో కోడు తెలీకండా లైను కలిపితే మా సూపర్‌వైజరమ్మ తోలు తీసీది.”

తరవాత ఆమె చెప్పిన కథలో వేదన ఉంది గాని, దయ కోసం చాచిన చెయ్యి లేదు.

“మా మావ ఈ గదిలోనే పోనారు. శవపెట్టి పైకి తెచ్చినప్పుడు ఖాళీది గదా, ఒంచీసి, తిప్పీసి ఎలాగో తెచ్చీసినారు. దించినప్పుడు మలుపు కాడ ఇరుక్కుపోనాది. ముందుకి పోదు, యెనక్కి రాదు. ఏటి సేత్తారు? నిలబెట్టీసినారు. లోపల మావ కిందకి జారిపోనారు. తల చెక్కకి కొట్టుకున్న సప్పుడు నాను విన్నాను. అందరూ విన్నారు. పాస్టరుగారు గబుక్కున పాట ఎత్తుకున్నారు, ఆ సప్పుడు మళ్లీ వినపడకండా.”

రత్నమణి కిటికీవైపు తిరిగింది. ఆమె ఈ కథను ఎన్నోసార్లు వినే ఉంటుంది. కొన్ని కథలకు వినడం వల్ల అరుగుదల ఉండదు.

“మా ఆయన దేవదానం రేవులో బరువులెత్తే విన్చి తోలీవోడు. గాజు సామాను గీత పడకండా ఓడలోంచి దించీవోడు. ‘గాజు సామానుకున్న మర్యాద మా అయ్యకి లేకపోనాదే’ అని ఆ రాత్రంతా అదే మాట. తరవాత పాత ఓడ యిప్పిన కాడ ఈ దూలం కొన్నాడు. ఆటోనగర్లో కప్పీ సేయించినాడు. గోడకి కన్నం కొట్టి ఈ తలుపెట్టినాడు. మా అత్తని దీంతోనే దించినాం, కుదుపు లేకండా. ఆ తరవాత ఆయన్నీ దించినాం.”

దేవీప్రసాద్ వెళ్లి తలుపు గడియ తీశాడు. రేవు గాలి ఉల్లిపాయల వాసననూ, తడిసిన గోనె వాసననూ మోసుకుని లోపలికి వచ్చింది. ఆయన మెడ సాచి దూలం మొదలు చూశాడు. ఇంటి గోడలన్నీ సున్నం. దూలం చుట్టూ మాత్రం బూడిదరంగు సిమెంటు. నిచ్చెన అక్కరలేదు, నిపుణుడూ అక్కరలేదు. పైకి వచ్చి చూసే ఓపిక ఒక్కటే కావలసింది. చెక్క నలుపు వయసువల్ల వచ్చింది కాదు. ఉప్పుగాలివల్లా, ఓడ తారువల్లా వచ్చింది. దూలం మీది తాడు గాడిని ఆయన ‘తరాల వర్తకం మిగిల్చిన జాడ’ అని రాశాడు. ఆ గాడిలో వర్తకం లేదు. బహుశా దూలం ఆ పాత ఓడలో మరో పని చేసిన నాటిది.

మూఢనమ్మకానికి పుట్టుక అజ్ఞానంలోనే అని ఆయన చాలాకాలం అనుకున్నాడు. ముచ్చటలో కూడా అది పుడుతుందని ఆ తలుపు దగ్గర అర్థమైంది. ఓడలు, వర్తకులు, మేడమీది గోదాములు: కథ ఆయనకు నచ్చింది. నచ్చింది గనక చాలుననుకున్నాడు.

“నేనూ ఎక్కి చూడలేదు సార్” అంది జ్యోతిర్మయి నెమ్మదిగా. “మీరు రాశారు కదా అని ఒప్పుకున్నాను.”

“అది మరీ ఘోరమమ్మా. నేను దూలాన్ని నమ్మాను. నువ్వు నన్ను నమ్మావు.” ఆయన కొండలరావు వైపు తిరిగాడు. “మీరు ఈ సందులోనే పుట్టి పెరిగారు. మీకూ తెలియదా?”

కొండలరావు తలుపు చెక్కను వేలితో గీకుతున్నాడు. మిరియం పకపకా నవ్వింది.

“ఆడికి తెల్దేటి! మా ఆయన్ని దించిన తాడు ఆడి కొట్లోదే. ఓ కొస ఆడే పట్టుకున్నాడు. ఏడుత్తా పట్టుకున్నాడు పాపం.”

కొండలరావు తలుపు మీంచి చెయ్యి తీశాడు.

“తెలుసు మాస్టారూ” అన్నాడు కొండలరావు చివరికి. “మీరు కాయితం సదువుతుంటే నవ్వొచ్చినాది కూడాను. సెప్దామని నోరు తెరిసినాను. ఆపాటికే అందరూ చప్పట్లు కొట్టీసినారు. తెల్లారి పోలిరాజు మనుసులు కొలత టేపులు సుట్టీసి ఎల్లిపోనారు. మరింకేటి సెప్తాను? మా తాతలు కట్టిన కొట్టు అది. నిజం సెప్పి కూలగొట్టించుకోమంటారా?”

“అబద్ధం మీద నిలబెట్టారు.”

“నిలబడ్డాది గదా!”

దేవీప్రసాద్ ఈ వాదన ఇంతకు ముందు విన్నాడు, వేరే నోళ్లలో. సముద్రంలో అమ్మవారికి కోపం వస్తుందంటేనే పిల్లలు లోతుకు పోరు, మీకేం పోయింది మాస్టారూ అని బీచిలో ఒక పెద్దాయన అడిగాడు. అమ్మవారిని నమ్మని పిల్లవాడు మునిగిపోతాడు, లోతెంతో చెప్పండి అని ఆయన అప్పుడు జవాబిచ్చాడు. బాగుందనిపించుకున్న జవాబు. ఇప్పుడు ఆ జవాబును కొండలరావు కొట్టు ముందు నిలబెట్టి చూస్తే అంత బాగా లేదు.

“సరిదిద్దాలి” అన్నాడు అయినా. “ఈరోజే రాస్తాను.”

“ఆగండి సార్” అంది జ్యోతిర్మయి.  “మన నిబంధన గుర్తు చేసుకోండి. మొదటి తరగతి ఇంటికి ఒక ముఖ్యవిశేషం ఉండాలి. దాన్ని ముట్టుకోకూడదు. మిగతావి అనుమతితో మార్చుకోవచ్చు. ఈ ఇంటికి ముఖ్యవిశేషం దూలం. అందుకే మెట్లు మార్చుకోనివ్వచ్చని నేను వాదించాను. దూలం నిన్నమొన్నటిదని మీరు రాస్తే, ఇంట్లో మిగిలే పాత విశేషం ఈ మెట్లు ఒక్కటే.”

“అప్పుడు మెట్లు ముట్టుకోకూడదు” అన్నాడు దేవీప్రసాద్.

“ముట్టుకోనిస్తే ఇంటికి తరగతే ఉండదు. ఇల్లు జాబితాలోంచి పోతే సందు పోతుంది.”

రత్నమణి గిరుక్కున తిరిగింది. “అంటే ఏమిటండీ? ఆ దూలం అబద్ధమైతే మా మెట్లు ఇవ్వరా? నేను నిజం చెప్పి అత్తమ్మకే అడ్డం పడ్డానా?”

జ్యోతిర్మయి చూపు దించుకుని సంచీ సర్దుకుంది. 

“నేను చెప్పింది మర్చిపోండి సార్” అంది రత్నమణి. కళ్లు తుడుచుకుంది. “మీకు చేతులెత్తి దండం పెడతాను. మీరు రాసిందే బాగుంది. సరుకులే ఎత్తారు. వర్తకులే ఉన్నారు. రేపు ఆస్పత్రికి పోవాలన్నా, చర్చికి పోవాలన్నా ఈవిడ దిగాలి కదా! పోయినసారి జ్వరం వస్తే మా ఆయన యోహాన్ వీపున కట్టుకుని దించబోతే మలుపులో ఇద్దరూ పడ్డారు.”

“ఒలే రత్నం, ఏడుపాపు” అంది మిరియం. “నా గురించి నన్నడక్కండా మీ నలుగురూ మాటాడీసుకుంతన్నారు. బాబూ, కమిటీ బాబూ! ఒకటి సెప్పు. ఈ ఇంట్లో సచ్చినోలు దిగడానికి తలుపున్నాది, దూలమున్నాది, కప్పీ ఉన్నాది. బతికున్నదాన్ని, నాను దిగడానికి దారి లేదేటి?”

 లేనిదాన్ని లేదని ఒప్పుకోవడం దేవీప్రసాద్ వృత్తిధర్మం. “ప్రస్తుతానికి లేదండీ” అన్నాడు.

“ఎందుకు లేదు? ఎదురుగా కనపడతాన్నాది గదా.” ఆమె తలుపు వైపు గడ్డం ఎత్తింది. “కొండలూ, తాడు తియ్యి.”

ఆ మాట అర్థమవడానికి అందరికీ కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇది సంఘం పరిధిలోని విషయం కాదని జ్యోతిర్మయి; ప్రాణం మీదికి తెస్తావా అని రత్నమణి; అత్తా నీకు మతి పోనాదా అని కొండలరావు. మిరియం అన్నీ విని, స్విచ్‌బోర్డు మీద లైన్లన్నీ ఒకేసారి మోగినప్పుడు చేసినట్టు, ఒక్కొక్కదాన్నీ తుంచేసింది.

“నువ్వు నోర్ముయ్యి. నువ్వూను. కొండలూ, మా ఆయన్ని దించినప్పుడు కుదిపినావా? లేదు గదా. బతికున్నదాన్ని కుదుపుతావేటి? నా ప్రాణం నాది. కిందకి దిగాలన్న ఆశ కూడా నాదే.”

ఆమె మాటలో దేవీప్రసాద్‌కు తప్పు దొరకలేదు. అందుకే ఆయన తనకు తెలిసిన మార్గంలో వెళ్లాడు. “ముందు దూలాన్ని పరీక్షిద్దాం. మీ బరువుకు రెండింతలు ఎత్తి చూడాలి. తట్టుకోకపోతే ఈ మాట మళ్లీ ఎత్తకూడదు. ఒప్పుకుంటారా?”

“తట్టుకుంటే నువ్వు అడ్డు సెప్పకూడదు.”

ఎదురింటి ఉల్లిపాయల కొట్టు నుంచి బస్తాలు వచ్చాయి. రేవులో పనికి పోయే కళాసీలు ఇద్దరు, అప్పలసూరి, సింహాద్రి, కొండలరావు పిలిస్తే కొత్త తాడుతో సందులోకి దిగారు. కప్పీ మొదట మూలిగింది, తరవాత తిరిగింది. ఒకదాని మీద ఒకటి కట్టిన బస్తాలు గాలిలో లేచి, మేడ తలుపు దాకా వచ్చి ఆగాయి. సందులో జనం పోగయ్యారు. ఎవరో ఈల వేశారు. ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు.

దేవీప్రసాద్ తన కళ్లెదుట ఊగుతున్న బస్తాలను చూశాడు. తను ఊహించి రాసిన దృశ్యం అదే: మేడమీదికి సరుకు ఎక్కుతోంది. ఈ పూట అది నిజం. రేపు ఎవరైనా ఆ ఫోటో చూపించి ఆధారం ఇదిగో అంటే, కాదనడానికి ఎంతమంది మిగులుతారు? అబద్ధాలకు సాక్ష్యాలు ఇలాగే పుడతాయి కాబోలు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకుండా.

ఆయన మొదలు దగ్గర సిమెంటులో పగులు వెతికాడు. లేదు. దూలం వంగలేదు. దేవదానం పని తెలిసినవాడు.

“తట్టుకుంది” అన్నాడు. మాట తప్పే అవకాశం తనకు తానే లేకుండా చేసుకున్నాడు.

వెడల్పాటి సరుకు పట్టీలతో మిరియంను కుర్చీకి కట్టారు. ముడులన్నీ కొండలరావే వేశాడు. వేసి, ప్రతిదాన్నీ తన బరువుతో లాగి చూసి, కిందికి వెళ్లి కళాసీలతో పాటు తాడు పట్టాడు. రత్నమణి అత్తగారి చెంగు నడుము చుట్టూ దోపి, కుర్చీని గడప దాటించింది. క్షణకాలం ఆమె వేళ్లు కుర్చీ చేతిని వదల్లేకపోయాయి. తరవాత వదిలాయి.

మిరియం గాలిలోకి వెళ్లింది.  ఉల్లిపాయలు తూచే మనిషి తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కుర్చీ కొద్దిగా తిరుగుతూ నెమ్మదిగా కిందికి దిగుతోంది. ఆమె కళ్లు మూసుకోలేదు. ఎదురింటి మేడల్నీ, తీగల మీది కాకుల్నీ, సందు చివర కనిపించే రేవు క్రేన్ల తలల్నీ వరుసగా చూస్తోంది, హాజరు వేసుకుంటున్నట్టు.

సగం దూరం దిగాక ఆమె గొంతు మళ్లీ ఖణీమంది.

“ఆపండర్రా!”

తాడు ఆగింది. “ఏటైంది అత్తా? కళ్లు తిరుగుతన్నాయా?” అని కొండలరావు కింద నుంచి అరిచాడు.

“నాకేటి కాలేదు. ఓ బాబూ, కమిటీ బాబూ! నా యిల్లు గురించి ఏటి రాత్తావో ఇప్పుడే రాయి. రాసి ఇక్కడికి వినపడీలాగ సదువు. అప్పుడే నాను దిగుతాను. లేపోతే ఇక్కడే ఏలాడతాను. కింద పోలిరాజు మనుసులు కూడా ఉన్నట్టున్నారు. ఆలు కూడా వినాల.”

“అత్తమ్మా, ముందు దిగు!” అంది రత్నమణి.

“దిగీసినాక ఎవులు మాటింటారే? మేడ మీద ఉన్నన్నాళ్లూ ఎవులూ రాలేదు. గాల్లో ఉంటేనే అందరూ తలెత్తి సూత్తన్నారు.”

దేవీప్రసాద్ సంచీలోంచి కాగితం తీసి తలుపు చెక్కకు ఆనించాడు. రెండు వాక్యాలు ఆయన ముందున్నాయి. దూలం పాతదని రాస్తే ఆమెకు మెట్లు వస్తాయి, కొండలరావుకు కొట్టు మిగులుతుంది, తనకు పరువు దక్కుతుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధం; అటువంటిది ఉండదని ఆయన జీవితమంతా వాదించాడు. నిజం రాస్తే ఈ గాలిలో వేలాడే కుర్చీ తప్ప ఆమెకు మరో దారి మిగలదు.

కలం మూత తీశాడు. రాయడం మొదలుపెట్టాడు. రెండు పంక్తులు కాలేదు, భుజం మీదుగా చదువుతున్న జ్యోతిర్మయి ఆయన మణికట్టు పట్టుకుంది.

“సార్, ఇది రాస్తే రేపటి నుంచి మీరు సంఘంలో ఉండరు.”

ఆయన మృదువుగా చేతిని విడిపించుకుని మరో పంక్తి రాశాడు. కళ్లజోడు సరిచేసుకుని తలుపులోంచి ముందుకు వంగాడు. వెనక బెంచీకి కూడా వినపడేలా పాఠం చెప్పిన గొంతు అది. సందు చివరి దాకా వెళ్లింది.

“ఈ ఇంటి దూలం గురించి నేను లోగడ రాసిన నివేదికలో...”

ఆ చదువు ఆపించాలని కొండలరావు తాడు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు. బరువు మొత్తం ఒక్కసారిగా ఇద్దరు కళాసీల చేతుల మీద పడింది. నెత్తిన కప్పీ కీచుమంది.